ముక్క పరీక్షా, రక్త పరీక్షా? కణితి జన్యువులు చూడటానికి ఏది మేలు

క్యాన్సర్ అని తేలాక డాక్టర్ "మాలిక్యులర్ టెస్టింగ్‌కి పంపుదాం" అనగానే పేషెంట్ వైపు నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఇదే: మళ్లీ సూదితో ముక్క తీయాలా, రక్తం ఇస్తే చాలదా? రక్తమే చాలంటే ఎవరికైనా హాయే. కానీ ఈ రెండూ ఒకే పని చేసే పరీక్షలు కావు.

అసలు ఈ పరీక్ష ఎందుకంటే, కణితి డీఎన్ఏలో ఉన్న మార్పును బట్టి మందు మారుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ జన్యువు మారినవాళ్లకు జెఫిటినిబ్ అనే మాత్ర బాగా పనిచేస్తోందని 2004లో బయటపడింది. 2017 నాటికి, ఎంఎస్ఐ-హై అనే లక్షణం (డీఎన్ఏలో తప్పులు సరిదిద్దే వ్యవస్థ పాడైందనడానికి గుర్తు) ఉంటే చాలు, కణితి ఏ అవయవంలో పుట్టినా సరే పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు వాడొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది.

ముందు ముక్క సంగతి. తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోతపోసి బ్లాక్ చేస్తారు. దాన్నుంచి నాలుగైదు మైక్రాన్ల మందంలో పొరలు కోస్తారు. పాథాలజిస్ట్ ఒక పొరను మైక్రోస్కోప్ కింద చూసి, క్యాన్సర్ కణాలు ఒత్తుగా ఉన్నచోట గాజు పలక మీద పెన్నుతో గీత గీస్తారు. టెక్నీషియన్ మిగతా పొరల్లో ఆ మేరకే గీరి డీఎన్ఏ తీస్తారు. గీరిన దాంట్లో మామూలు కణాలే ఎక్కువైతే కణితి మార్పు వాటి మధ్య కనపడకుండా పోతుంది.

అసలు ఇబ్బంది పొదుపుది. సూదితో వచ్చేది దారప్పోగంత ముక్క. రోగం ఏ రకమో తేల్చడానికి కొన్ని పొరలు, పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ (ఇమ్యూనోథెరపీ పనిచేసే అవకాశాన్ని సూచించేది) చూడటానికి ఒకటి, తర్వాత ఈజీఎఫ్ఆర్‌కి విడిగా, ఏఎల్‌కేకి విడిగా అంటూ పోతే, చివరికి "శాంపిల్ చాల్లేదు" అని రిపోర్ట్ వస్తుంది. అందుకే ఒక్కో జన్యువునీ విడిగా చూడటం కన్నా, అన్నీ ఒకేసారి చదివే ఎన్‌జీఎస్ ప్యానెల్ మేలంటాను. ఎముక నుంచి తీసిన ముక్కైతే ఇంకో చిక్కు: దాన్ని మెత్తబరచడానికి గాఢమైన యాసిడ్ వాడితే డీఎన్ఏ పాడైపోతుంది.

ఇక రక్తం. కణితిలో చనిపోయే కణాలు డీఎన్ఏ తునకలను రక్తంలోకి వదులుతాయి. ఒక్కో తునక సుమారు 166 అక్షరాల పొడవు. రెండు మూడు గంటల్లోనే సగానికి సగం మాయమవుతాయి కాబట్టి కనిపించేది ఇవాళ్టి పరిస్థితే. తీసే పని నిమిషాల్లో అయిపోతుంది, రిపోర్ట్ కూడా సాధారణంగా ముక్క కన్నా ముందే వస్తుంది. మామూలు ట్యూబ్‌లో తీస్తే మాత్రం కొద్ది గంటల్లో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, వేరు చేయాలి. లేదంటే తెల్లకణాలు పగిలి, వాటి డీఎన్ఏ అంతా వచ్చి కలుస్తుంది.

రక్తం రిపోర్ట్‌లో "అలీల్ ఫ్రాక్షన్ 0.4%" అని చూసి తప్పేమో అనుకోకండి. వెయ్యి తునకల్లో నాలుగింటిలో మార్పు కనిపించిందని దాని అర్థం. మందు ఎంచుకోవడానికి ఒక్కోసారి అదే చాలు. చిన్న కణితి, మెదడుకే పరిమితమైన కణితి రక్తంలోకి ఆ మాత్రం కూడా వదలకపోవచ్చు.

అందుకే "నెగటివ్" అనే మాట దగ్గర ఆగాలి. సరిపడా క్యాన్సర్ కణాలున్న ముక్కలో ఈజీఎఫ్ఆర్ మార్పు లేదంటే దాదాపు లేనట్టే. రక్తంలో ఏ మార్పూ కనపడలేదంటే, అసలు కణితి డీఎన్ఏ ఆ ట్యూబ్‌లోకి రాలేదేమో! అప్పుడు ముక్క పరీక్షకు వెళ్లాల్సిందే. అదే రిపోర్ట్‌లో కేరాస్ అనే మరో జన్యువులో మార్పు 12% అని ఉండి, ఈజీఎఫ్ఆర్ లేదంటే నమ్మొచ్చు, కణితి డీఎన్ఏ వచ్చిందని తెలుస్తోంది కదా. దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది. వయసు పైబడ్డవాళ్ల తెల్లకణాల్లోనే డీఎన్ఎంటీ3ఏ, టెట్2 లాంటి జన్యువుల్లో మార్పులొస్తాయి, వాటిని కణితివి అనుకుని కంగారు పడతారు. తెల్లకణాలను కూడా విడిగా చదివితే ఆ గందరగోళం తీరుతుంది.

నా ఓటు ఇలా. మొదటిసారి రోగం తేల్చేటప్పుడు ముక్కే. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మాత్రం రెండూ ఒకేరోజు పంపాలి, అక్కడ వారాల తరబడి ఆగడం కుదరదు.

మందు పనిచేయడం మానేసినప్పుడు రక్తం ముందు. పాత బ్లాక్‌లో ఉన్నది పాత కథ. తొలితరం ఈజీఎఫ్ఆర్ మాత్రలు వాడినవాళ్లలో సగం మందికో, అంతకన్నా ఎక్కువ మందికో టీ790ఎం అనే కొత్త మార్పు వస్తుంది. రొమ్ము క్యాన్సర్‌లో హార్మోన్ మాత్రల తర్వాత ఈఎస్ఆర్1 అనే జన్యువులో మార్పులూ అలాగే పుడతాయి. 2023 జనవరిలో ఆ మార్పున్నవాళ్లకిచ్చే ఎలాసెస్ట్రాంట్ మందుకు ఎఫ్‌డీఏ అనుమతి వచ్చినప్పుడు, దానికి జతగా ఆమోదించింది రక్త పరీక్షనే. అయితే ఊపిరితిత్తుల కణితి ఒక్కోసారి స్మాల్ సెల్ అనే వేరే రకం క్యాన్సర్‌గా మారిపోతుంది. అది తేల్చాలంటే ముక్కను మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే.

ఆపరేషన్ తర్వాత రోగం మిగిలిందా అనేది ఇంకో ప్రశ్న. రెండో దశ పెద్దపేగు క్యాన్సర్‌పై 2022లో వచ్చిన డైనమిక్ ట్రయల్‌లో రక్త పరీక్షను బట్టి నడిచినవాళ్లలో 15% మందికే కీమో ఇచ్చారు, మామూలు పద్ధతిలో 28% మందికి. రెండేళ్లకు రోగం తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు రక్త పరీక్ష వైపు 93.5%, మామూలు పద్ధతిలో 92.4%. అయితే ఆ రక్తంలో ఏ మార్పు కోసం వెతకాలో ముందుగా ఆపరేషన్‌లో తీసిన కణితిని చదివే తెలుసుకున్నారు. కాబట్టి ఆస్పత్రి మారేటప్పుడు ఫైల్, స్కాన్లతో పాటు ఆ బ్లాక్ కూడా అడిగి తీసుకోండి.