హెల్మెట్ గ్లాసుకి అతికించే ‘యాంటీ గ్లేర్’ ఫిల్మ్ కొనబోతున్నారా? ముందు నా గోడు వినండి

ఒక స్టిక్కర్ కొని, ఉన్న హెల్మెట్ గ్లాసు పోగొట్టుకున్నాను. రెండింటి డబ్బులూ పోయాయి. ఒక సాయంత్రం నేను కూడా పోయేవాణ్ణే, వెంట్రుకవాసిలో తప్పింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నా ఆఫీసు ఇంటికి తూర్పున ఉంది. అంటే పొద్దున వెళ్లేటప్పుడూ సూర్యుడు ఎదురే, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ ఎదురే. ఇలాంటి దారి ఉన్నవాళ్లకి నా బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తిన కొడుతుంది గానీ కళ్ల జోలికి రాదు. పొద్దు వాలాక వచ్చే ఎండ చూడ్డానికి మెత్తగా ఉంటుంది, నేరుగా కంట్లో గుచ్చుతుంది. ముందు వెళ్లే కారు బ్రేక్ లైటు వెలిగిందో లేదో కూడా తెలీదు.

ఆ విసుగులో ఒక రాత్రి ఫోన్లో వెతుకుతుంటే ఈ ఫిల్మ్ కనబడింది. పోలరైజ్డ్, యాంటీ గ్లేర్, యూవీ 400 (అంటే కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలని ఆపుతుందట), నైట్ విజన్, అన్నీ ఒక్కదాన్లోనే. ‘పగలు ఎండని ఆపుతుంది, రాత్రి ఎదురు లైట్లని ఆపుతుంది’ అని రాశారు. ఆ ఒక్క వాక్యం దగ్గరే నేను ఆగాల్సింది. పగలు వెలుగు తగ్గించే నల్లటి పొర రాత్రి చూపుని ఎలా పెంచుతుంది? తగ్గించేది తగ్గిస్తుంది, అంతే. ఎదుటివాడి హెడ్‌లైటుతో పాటు రోడ్డు మీది గుంతని, నల్ల బట్టలేసుకుని దాటుతున్న మనిషిని కూడా తగ్గిస్తుంది. పసుపు రంగు ‘నైట్ డ్రైవింగ్’ కళ్లజోళ్లదీ అదే కథ.

రివ్యూలు చదవకుండా కొన్నానా అంటే, చదివాను. అయిదు నక్షత్రాలు బోలెడు. తర్వాత తీరిగ్గా మళ్లీ చదివితే అర్థమైంది: ‘ప్యాకింగ్ బాగుంది’, ‘త్వరగా వచ్చింది’, ‘లుక్ సూపర్’. దాన్ని అతికించుకుని, ఎండకి ఎదురుగా బండి నడిపి రాసినవాళ్లు ఒక్కరూ లేరు. డబ్బా విప్పిన రోజే రాసిన రివ్యూలు అవి.

అతికించడానికి ఒక ఆదివారం పొద్దున గంటసేపు పట్టింది. గ్లాసు కడిగాను, సబ్బునీళ్లు చల్లాను, పాత ఏటీఎం కార్డుతో మధ్యనుంచి అంచులకి నీళ్లు తోశాను. మధ్యలో బాగానే కూర్చుంది. అంచుల దగ్గరే పేచీ. హెల్మెట్ గ్లాసు పక్కలకి వంగి ఉంటుంది, చాలావాటికి పైకీ కిందకీ కూడా కాస్త వంపు ఉంటుంది. బల్లపరుపు ఫిల్మ్ ఆ రెండు వంపుల మీదా ముడత లేకుండా కూర్చోవడం కుదరని పని. కళ్లకి కుడివైపు ఆవగింజంత బుడగలు ఒక ఏడెనిమిది మిగిలాయి. రెండ్రోజుల్లో అవే పోతాయని కాగితం మీద ఉంది. నీడలో నిలబడి చూస్తే మాత్రం ముచ్చటేసింది, లోకమంతా చల్లగా నీలంగా ఉంది.

సోమవారం సాయంత్రం అసలు సంగతి తెలిసింది.

మలుపు తిరిగి పడమర ముఖం పెట్టగానే గ్లాసు మొత్తం వెలుగుతో నిండిపోయింది. నల్లటి గ్లాసు తెల్లగా కనిపించడం నా జన్మలో అదే మొదటిసారి. ఒక్కో బుడగ ఒక్కో చిన్న బల్బులా వెలుగుతోంది. ఫిల్మ్‌కీ గ్లాసుకీ మధ్య ఉన్న మసక పొర మీద ఎండ పడి పాలు ఒలకబోసినట్టు పరుచుకుంది. తల అటూ ఇటూ తిప్పాను, లాభం లేదు. స్పీడు తగ్గిస్తూనే ఉన్నాను, ఇంతలో ఫ్లైఓవర్ కిందకి వచ్చేశాను. ఒక్కసారిగా చీకటి. తెల్లది కాస్తా నల్లదైపోయింది, దాని వెనక ఏముందో తెలీదు. ఎడంచేత్తో గ్లాసు పైకి తోసేసరికి ఎదురుగా లారీ. పార్కింగ్ లైట్లు లేవు, కదలడం లేదు. రెండు బ్రేకులూ పట్టేశాను. బండి ఆగాక చూస్తే నా ముందు చక్రానికీ లారీకీ మధ్య జానెడు ఉంది.

గంటకి 60 కిలోమీటర్ల మీద సెకనుకి దాదాపు 17 మీటర్లు వెళ్తాం. వెలుగులోంచి చీకట్లోకి వెళ్లినప్పుడు కళ్లు సర్దుకోవడానికి ఎంతోకొంత టైము కావాలి, పైన నల్ల గ్లాసు ఉంటే ఇంకా ఎక్కువ కావాలి. నా స్పీడు అప్పుడు నలభై కూడా లేదు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

ఇక పోలరైజ్డ్ అనే మాట. తడి రోడ్డు మీద, నీళ్ల మీద, ముందు కారు అద్దం మీద పడి తిరిగొచ్చే మెరుపు చాలావరకు ఒకే దిశలో, అడ్డంగా కంపించే వెలుగు. పోలరైజ్డ్ అద్దం ప్రత్యేకంగా ఆ అడ్డం వెలుగునే ఆపుతుంది. సూర్యుడి నుంచి నేరుగా వచ్చే వెలుగుకి అలాంటి దిశ ఏదీ ఉండదు. దాని ముందు పోలరైజ్డ్ అద్దం కూడా మామూలు నల్లద్దమే. అంటే ఆ ఫిల్మ్ నిఖార్సయిన పోలరైజ్డే అయినా నా సమస్యకి అది మందు కాదు. పైగా బండివాళ్లకి ఆ మెరుపు కొన్నిసార్లు కావాలి. రోడ్డు మీద తడి, ఒలికిన ఆయిలు మనకి తెలిసేదే ఆ మెరుపు వల్ల. ఆ అద్దంలోంచి చూస్తే డిజిటల్ మీటర్లు కూడా కొన్ని కోణాల్లో నల్లగా ఆరిపోయినట్టు కనిపిస్తాయి.

ఇంతా చేసి నాకొచ్చింది పోలరైజ్డ్ కూడా కాదు! ప్యాక్‌లో రెండు ఫిల్ములున్నాయి. రెండోదాన్ని ల్యాప్‌టాప్ స్క్రీన్ ముందు పెట్టి గడియారం ముల్లులా మెల్లగా తిప్పాను. నిజమైన పోలరైజ్డ్ అయితే అర చుట్టు తిరిగేలోపు ఎక్కడో ఒకచోట స్క్రీన్ నల్లబడి, అక్కణ్ణుంచి ఇంకో పావు చుట్టుకి మళ్లీ వెలగాలి. ఇది ఎంత తిప్పినా అదే నీలం. మా ఫ్రెండ్ పోలరైజ్డ్ కళ్లజోడు తెచ్చి తిప్పితే స్క్రీన్ ఠక్కున ఆరిపోయింది. “ఒరేయ్, నీకు అమ్మింది రంగు కాగితంరా” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

సెల్లర్‌తో చాట్ చేశాను. వీడియో పంపాను. మొదటి జవాబు: “సార్, సీల్ తీసేశారు కాబట్టి రిటర్న్ తీసుకోలేం.” సీల్ తీయకుండా పోలరైజ్డో కాదో ఎలా చూస్తారండీ అని అడిగితే రెండో జవాబు: “సార్, అది పోలరైజ్డ్ స్టైల్.” స్టైల్ అట! పేజీ కిందికంటా వెళ్లి చూస్తే చిన్న అక్షరాల్లో నిజంగానే ఆ మాట ఉంది. ఒకసారి అతికించిన వస్తువుకి రిటర్న్ లేదని కూడా అక్కడే ఉంది. కాబట్టి ఎవరైనా ఇలాంటిది ఇప్పటికే తెప్పించుకుని ఉంటే, వెనక కాగితం ఒలవకముందే ల్యాప్‌టాప్ ముందు తిప్పి చూడండి. కాగితం ఒలిచారా, డబ్బు మీద ఆశ వదులుకోవచ్చు.

తర్వాత జరిగిన దాంట్లో తప్పు పూర్తిగా నాదే. ఫిల్మ్ పీకేశాను. ఫిల్మ్ వచ్చింది, జిగురు రాలేదు. గుడ్డకి కాస్త పెట్రోలు అద్ది తుడిచాను. జిగురు చక్కగా పోయింది, నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున చూస్తే స్క్రూలు బిగించే చోటనుంచి సాలెగూడులా సన్నటి పగుళ్లు. హెల్మెట్ గ్లాసు గాజు కాదు, చాలావాటికి పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్. పెట్రోలు, థిన్నర్, అమ్మోనియా ఉండే కిటికీ క్లీనర్లు దానికి విషం. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు, మెత్తటి గుడ్డ, ఇంతకుమించి ఏదీ దాని మీద వేయకూడదు. పురుగులు ఎండి అంటుకుంటే తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచితే అవే మెత్తబడతాయి.

చేసేది లేక అదే కంపెనీది కొత్త గ్లాసు, మామూలు తెల్లది, బిగించాను. అదే దారి, అదే సాయంత్రం ఎండ. సగం బాధ లేదు! అంటే ఇన్నాళ్లూ నా కళ్లని పొడిచిందాంట్లో సగం సూర్యుడు కాదు, నా పాత గ్లాసు. మూడేళ్లు దాన్ని పొడి చేతిరుమాలుతో, ఒక్కోసారి చొక్కా అంచుతో తుడిచాను. గ్లాసు మీది దుమ్ము ఉప్పుకాగితంలా పనిచేసి కంటికి కనపడనన్ని గీతలు పెట్టింది. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ గీతలన్నీ ఒకేసారి వెలుగుతాయి. దాని మీద ఇంకో మసక ఫిల్మ్ అతికిస్తే ఏమవుతుంది, నాకు అయిందే అవుతుంది. మీ గ్లాసు సంగతి తెలుసుకోవాలంటే రాత్రి ఆగి ఉన్నప్పుడు దాంట్లోంచి ఒక వీధిలైటు చూడండి. లైటు చుట్టూ సన్నటి గీతలు వలయాలుగా కనిపిస్తే ముందు గ్లాసు మార్చండి, మిగతా కొనుగోళ్లు తర్వాత.

నల్ల గ్లాసే కావాలంటే దాని మీద ముద్ర చూసి కొనండి. ఈసీఈ 22 అనే అంతర్జాతీయ హెల్మెట్ ప్రమాణం ప్రకారం 80 శాతం కంటే తక్కువ వెలుగు లోపలికి పంపే వైజర్ (అంటే ఈ హెల్మెట్ గ్లాసే) మీద అది పగటిపూటకే అని తెలిపే గుర్తు ఉండాలి. ‘డేటైమ్ యూజ్ ఓన్లీ’ అని గానీ, పగలు మాత్రమే అని చూపే బొమ్మ గానీ. ఏ ముద్రా లేని నల్ల గ్లాసు ఎంత నలుపో అమ్మేవాడికి కూడా తెలీదు. చేతిలోకి తీసుకున్నాక చేయి చాచి పట్టుకుని దాంట్లోంచి తలుపు చట్రం లాంటి నిటారు గీతని చూస్తూ పైకీ కిందకీ కదపండి. గీత పాములా మెలికలు తిరిగితే వద్దనండి, గంట నడిపితే తలనొప్పి ఖాయం.

చలువ కళ్లజోళ్లకి నలుపుని బట్టి 0 నుంచి 4 వరకు కేటగిరీలు ఉంటాయి. కేటగిరీ 3 అంటే 8 నుంచి 18 శాతం వెలుగు లోపలికి వస్తుంది. పగటి ఎండకి అది సరిపోతుంది. కేటగిరీ 4లో 3 నుంచి 8 శాతమే వస్తుంది, దాన్ని బండి నడపడానికి వాడకూడదు. ఇప్పుడు నా లెక్క చూడండి. ఆ ఫిల్మ్ ‘80 శాతం ఎండ తగ్గిస్తుంది’ అన్నాడు, అంటే 20 శాతం వస్తుంది. తెల్ల గ్లాసులోంచి 85 శాతం వస్తుందనుకుంటే రెండూ కలిపి 17. లోపల 12 శాతం కళ్లజోడు కూడా ఉంటే కంటికి చేరేది 2 శాతం. కేటగిరీ 4 కంటే నలుపు! ఆ సోమవారం నా కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను. అంత అదృష్టమైన మతిమరుపు నాకు మళ్లీ రాలేదు.

ఎండకి వాటంతటవే నల్లబడే కళ్లజోళ్లు ఉన్నవాళ్లకి ఒక మాట: మామూలుగా అవి నల్లబడేది యూవీ కిరణాల వల్ల. మూసిన వైజర్ ఆ కిరణాలని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి లోపల కళ్లజోడు తెల్లగానే ఉండిపోతుంది. కళ్లజోడు పాడైందని అమ్మినవాడితో గొడవపడకండి.

కొత్త హెల్మెట్టే కొంటుంటే లోపల మీటతో కిందకి దిగే చిన్న సన్ వైజర్ ఉన్నది చూడండి. గ్లౌజు వేసుకున్న చేత్తో చూడకుండానే మీట దొరకాలి, ఒక్క నొక్కుకి పైకి పోవాలి. ఫ్లైఓవర్ ముందు నాకు కావాల్సింది సరిగ్గా అదే.

నేను ఇప్పుడు వాడుతున్నది మాత్రం నల్లటి ఇన్సులేషన్ టేపు. వైజర్ బయట, పై అంచు వెంబడి, రెండు సెంటీమీటర్ల లోపు పట్టీ. బండి మీద రోజూ కూర్చునేట్టు కూర్చుని, రోడ్డు, అద్దాలు, సిగ్నల్ లైట్లు ఏవీ మూసుకుపోకుండా చూసుకుని అతికించాను. ఎండ ఎదురైనప్పుడు గడ్డం కాస్త దించితే సూర్యుడు పట్టీ వెనక్కి పోతాడు, రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది. నీడలోకి రాగానే తల ఎత్తితే చాలు. చూడ్డానికి గొప్పగా లేదు, ఆఫీసులో అందరూ అడుగుతున్నారు. సూర్యుడు మరీ నేలకి దిగిపోతే ఈ పట్టీ కూడా పనిచేయదు. అప్పుడు చేయి పూర్తిగా చాచి, సూర్యుడికీ నేలకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూస్తాను. ఒక్కో వేలు సుమారు పావుగంట. ఒక్క వేలే ఉంటే బండి పక్కన ఆపేసి సూర్యుడు దిగేదాకా కూర్చుంటాను.

ఇంకోటి, ఎండ మీ వీపు మీద ఉన్నప్పుడు హాయిగా ఉంది కదా అని ఆదమరవకండి. మీ నీడ మీ ముందు పొడుగ్గా పడుతోందంటే ఎదురొచ్చేవాడి కళ్లలో ఎండ కొడుతోందన్నమాట. వాడికి మీరు కనపడటం లేదు. హెడ్‌లైటు వేసుకోండి.

ఆ రెండో ఫిల్మ్ ఇంకా నా డ్రాయర్లోనే ఉంది. ఎవరైనా “ఇది పోలరైజ్డేనా?” అని ఏదైనా పట్టుకొస్తే, ముందు దాన్ని ల్యాప్‌టాప్ ముందు తిప్పి చూపించి, తర్వాత వాళ్లది తిప్పుతున్నాను. ఇప్పటివరకు ముగ్గురివి చూశాం. ఒకరిదే ఆరింది.