కంపెనీ చేతికెళ్లాక ఆడాసిటీ ఎలా ఉంది?

తెలుగు కథలు చదివి రికార్డు చేయడం నాకు సరదా, ఎడిటింగ్ అంతా మొదటి నుంచీ ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే. 2021లో దీన్ని మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ తీసుకుందని తెలియగానే చాలామంది ఇక దీని పని అయిపోయిందన్నారు. ఇన్నాళ్లు వాడాక నేను చెప్పేదేంటంటే, అయిపోలేదు సరికదా ముందుకంటే బాగుపడింది.

అలాగని ఆ భయం ఉత్తదేమీ కాదు. తీసుకున్న కొద్ది రోజులకే గూగుల్, యాండెక్స్ (రష్యా సెర్చ్ కంపెనీ)ల ద్వారా మన వాడకం వివరాలు సేకరిస్తామని ప్రతిపాదించారు (మనం ఒప్పుకుంటేనే లెండి), గోల అయ్యాక మానుకున్నారు. ఆ జులైలో ప్రైవసీ పాలసీలో 13 ఏళ్లలోపు పిల్లలు వాడొద్దని రాశారు. ఎవరైనా వాడుకోవచ్చు, కోడ్ మార్చుకోవచ్చు అనే జీపీఎల్ లైసెన్సు ఉన్నదాన్ని ఫలానావాళ్లు వాడకూడదని ఎలా అంటారు? మళ్లీ రచ్చ, మళ్లీ సవరణ. ఈలోపు అదే కోడ్ తీసుకుని టెనాసిటీ అని వేరు కుంపటి పెట్టినవాళ్లూ ఉన్నారు. కోడ్ అందరి చేతిలోనూ ఉంది కాబట్టే కంపెనీ అంత త్వరగా దిగొచ్చిందని నా అనుమానం.

ఇక పని సంగతి. ఇదివరకు కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గుల్ని సమం చేసే ఎఫెక్ట్) వేస్తే అది ఆడియోలోనే కలిసిపోయేది, విని, నచ్చకపోతే అన్‌డూ కొట్టి, అంకెలు మార్చి మళ్లీ వెయ్యాలి, విసుగొచ్చేది. 3.2 వెర్షన్ నుంచి కొన్ని ఎఫెక్ట్‌లనీ, 3.6 నుంచి ఈ కంప్రెసర్‌నీ ప్లే అవుతుండగానే మార్చుకోవచ్చు. నాకు అంతకంటే పనికొచ్చింది 3.1లో వచ్చిన ట్రిమ్మింగ్: వాక్యం చివర ఊపిరి చప్పుడు తీసేయబోయి "డు" కూడా పోయిందనుకోండి, క్లిప్ అంచు పట్టుకుని లాగితే తిరిగొస్తుంది. ఫ్యాన్ మోత తీసే నాయిస్ రిడక్షన్ మాత్రం పాత పద్ధతే, ముందు ఉత్త మోత ఉన్న ముక్క సెలెక్ట్ చేసి ప్రొఫైల్ (మోత నమూనా) ఇవ్వాలి, తర్వాతే మొత్తం మీద వెయ్యాలి.

నచ్చనిది ఒకటుంది. 3.5 నుంచి సేవ్ నొక్కితే కంప్యూటర్‌లోనా, క్లౌడ్‌లోనా అని అడుగుతుంది. ఆ క్లౌడ్ వాళ్లదే, వ్యాపారం అక్కడే ఉంది మరి. తప్పుపట్టను గానీ, నా ఫైళ్లు నా డిస్క్‌లోనే ఉంటాయి. కొత్తగా దించుకునేవాళ్లు ప్రిఫరెన్సెస్‌లో ఈ క్లౌడ్ సంగతీ, అప్‌డేట్ చెకింగూ ఒకసారి చూసుకుని మొదలెట్టండి.