కోర్టు భవనం బాధ్యత ఎవరికుంటే మేలు: కౌంటీకా, రాష్ట్రానికా?

అమెరికాలో కింది కోర్టు జడ్జి తీర్పు చెప్పేది రాష్ట్ర చట్టం ప్రకారం. ఆయన కూర్చునే గది, దాని పైకప్పు, ఖైదీని తీసుకొచ్చే లిఫ్టు మాత్రం చాలా రాష్ట్రాల్లో కౌంటీవి (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది). కొత్త కోర్టు గది కావాలంటే కౌంటీ పెద్దలు ఒప్పుకోవాలి, చాలాసార్లు ఓటర్లు కూడా ఒప్పుకోవాలి. టెక్సస్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకి ఈ విషయం నవంబరు బ్యాలట్‌లో బాండ్ (కౌంటీ తెచ్చే అప్పు) ప్రతిపాదనగా ఎదురవుతుంది. స్కూళ్ళకీ రోడ్లకీ సరేనని ఓటేసి, కోర్టు దగ్గరికొచ్చేసరికి "మనకెందుకులే" అనుకోవడం తేలిక. కానీ ఇది పట్టించుకోవలసిన విషయం.

కోర్టులో చోటు చాలదంటే కుర్చీలు తక్కువయ్యాయని కాదు. సరైన కోర్టు భవనంలో మూడు దారులు వేరువేరుగా ఉండాలి. జనానికి ఒకటి, జడ్జిలకూ సిబ్బందికీ ఒకటి, జైలు నుంచి తెచ్చేవాళ్ళకి ఒకటి. అవి కలిసిపోతే సంకెళ్ళు వేసిన మనిషి, అతని మీద సాక్ష్యం చెప్పాల్సిన మనిషి, కేసు తేల్చాల్సిన జ్యూరీ సభ్యులు ఒకే వరండాలో ఎదురుపడతారు. కుటుంబ కేసుల్లో పరిస్థితి ఇంకా ఘోరం. భర్త కొడుతున్నాడని రక్షణ కోరుతూ వచ్చిన ఆవిడ, ఎదుటి బెంచీ మీద అదే భర్తని చూస్తూ తన కేసు పిలిచేదాకా కూర్చోవాలి.

ఆస్టిన్‌లోని ట్రావిస్ కౌంటీ పాత కోర్టులో సరిగ్గా ఇదే జరిగేది. ఆ భవనం 1931 నాటిది. అప్పట్లో కౌంటీ జనాభా సుమారు 78 వేలు, 2015 నాటికి 11 లక్షలు దాటింది. నల్లజాతివాడన్న కారణంతో టెక్సస్ యూనివర్సిటీ లా స్కూలు సీటు నిరాకరిస్తే హీమన్ మారియన్ స్వెట్ 1946లో కేసు వేసింది ఈ కోర్టులోనే. 1950లో సుప్రీంకోర్టులో గెలిచాడు. ఇప్పుడు ఆ భవనానికి ఆయన పేరే. చరిత్ర ఎంత గొప్పదైనా ఇరుకు వరండాలు వెడల్పు కావు కదా.

2015 నవంబరులో కౌంటీ 28.7 కోట్ల డాలర్ల బాండ్‌ని ఓటింగుకి పెట్టింది. సివిల్, కుటుంబ కేసుల కోసం కొత్త కోర్టు కట్టాలన్నది ప్రతిపాదన. ప్రజలు స్వల్ప తేడాతో కాదన్నారు. డౌన్‌టౌన్‌లో అంత ఖరీదైన స్థలం కోర్టుకి దేనికన్నది ప్రధానమైన అభ్యంతరాల్లో ఒకటి. ఆ వాదనలో న్యాయం ఉంది. చివరికి కౌంటీ వేరే స్థలం చూసుకుని, ప్రైవేటు డెవలపర్‌తో ఒప్పందం చేసుకుని కట్టింది. కానీ ఓటింగు నుంచి తలుపులు తెరిచేదాకా దాదాపు ఏడేళ్ళు పట్టింది. ఆ ఏడేళ్ళూ ఆ బెంచీలు అలాగే ఉన్నాయి.

టెక్సస్ పద్ధతిలో మంచీ చెడూ రెండూ ఈ ఒక్క కథలో కనిపిస్తాయి. అక్కడ కౌంటీని నడిపేది కమిషనర్స్ కోర్టు. పేరులో కోర్టు ఉన్నా అది పాలకమండలి, అందులో కౌంటీ జడ్జి ఒకరు, కమిషనర్లు నలుగురు. కోర్టుకి భవనం చూపించడం, దాన్ని బాగుచేయించడం వాళ్ళ చట్టబద్ధమైన బాధ్యత. ఖర్చు మన ప్రాపర్టీ టాక్స్‌లోంచే. మీటింగుకి వెళ్ళి పేరు రాయించుకుంటే ఎవరైనా మైకు ముందు నిలబడి అడగొచ్చు. లెక్క తప్పితే వచ్చే ఎన్నికల్లో దించేయొచ్చు. ఇంత దగ్గరి జవాబుదారీతనం మరే పద్ధతిలోనూ లేదు.

చిక్కల్లా ఒక్కటే. కోర్టు మెట్లు ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది ఆ మైకు దగ్గరికి రారు. అద్దె కట్టలేక ఖాళీ చేయమని నోటీసు అందుకున్నవాడు, బెయిలు కోసం చూసేవాడు, పిల్లల కోసం పోరాడే తల్లి, వీళ్ళెవరూ ఓటు బ్యాంకు కాదు. రోడ్డు మీద గుంత పడితే ఫోన్ చేసేవాళ్ళు వందమంది ఉంటారు. కోర్టులో ఖైదీల లిఫ్టు పాడైందని ఫోన్ చేసేదెవరు?

పైగా టెక్సస్‌లో కౌంటీలు 254. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో 2020 లెక్కల ప్రకారం 47 లక్షలమంది. లవింగ్ కౌంటీలో 64 మంది. ఇద్దరి మీదా చట్టం పెట్టిన బాధ్యత ఒకటే. పాత చారిత్రక కోర్టు భవనాల మరమ్మతులకి 1999 నుంచి రాష్ట్రం గ్రాంట్లు ఇస్తోంది, అది మంచి పనే. అయితే గోపురానికి మెరుగులు దిద్దినంత మాత్రాన కొత్త గది రాదు.

పెద్ద కౌంటీ అయినంత మాత్రాన సుఖం లేదు. 2017 ఆగస్టులో హార్వీ తుపాను హారిస్ కౌంటీ క్రిమినల్ కోర్టుల భవనాన్ని ముంచేసింది. ఇరవై అంతస్తుల భవనం మూతపడింది. నెలల తరబడి జడ్జిలు వేరే భవనాల్లో ఒక్కో గదిని ఇద్దరేసి పంచుకున్నారు. ఒకరి విచారణ నడుస్తుంటే ఇంకొకరు ఆగాలి. కేసులు గుట్టలు పడ్డాయి. తేలని కేసులున్నవాళ్ళు జైల్లో రోజులు లెక్కపెట్టుకున్నారు. 2001లో ఆలిసన్ తుపాను కూడా డౌన్‌టౌన్‌ని ఇలాగే ముంచింది. అదే బేయూ (నెమ్మదిగా పారే వాగు) ఒడ్డున వరద ముప్పుని ఇంకా గట్టిగా చూసుకుని ఉండాల్సిందని నాకనిపిస్తుంది.

కాలిఫోర్నియా ఇందుకు పూర్తిగా విరుద్ధమైన దారి పట్టింది. 1997లో కింది కోర్టుల నిర్వహణ ఖర్చుని రాష్ట్రం తీసుకుంది. భవనాలు మాత్రం కౌంటీల దగ్గరే మిగిలాయి. డబ్బు ఒకరిది, గోడలు ఇంకొకరివి అయ్యేసరికి ఎవరూ బాగుచేయని స్థితి వచ్చింది. 2002లో చట్టం చేసి, 2009 చివరికల్లా 58 కౌంటీలనుంచీ 500కి పైగా కోర్టు భవనాలని రాష్ట్రం తన బాధ్యతలోకి తెచ్చుకుంది. కౌంటీలు అంతకుముందు నిర్వహణకి ఎంత పెట్టేవో అంత ఏటా రాష్ట్రానికి కట్టాలని షరతు. ఇప్పుడు ఈ పని చూసేది రాష్ట్ర కోర్టుల పాలకమండలి అయిన జ్యుడీషియల్ కౌన్సిల్.

దీనివల్ల ఒరిగింది చిన్నదేం కాదు. శాండియేగో పాత కోర్టు 1961 నాటిది, భూకంప పగులు రేఖ మీద కూర్చుంది. ఖైదీలని జనం నడిచే వరండాల్లోంచే నడిపించేవారు. దాని బదులు 2017లో 71 కోర్టు గదులతో 22 అంతస్తుల భవనం లేచింది. ఖర్చు 55.5 కోట్ల డాలర్లు. రాష్ట్రమంతా ఒకే జాబితాగా చూసి, ఎక్కడ ప్రమాదం ఎక్కువో అక్కడ ముందు కట్టాలనడం కౌంటీల వల్ల అయ్యేది కాదు.

మరి ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? 2008లో చేసిన చట్టం 500 కోట్ల డాలర్ల దాకా బాండ్లకి అనుమతిచ్చింది. వాటిని తీర్చాల్సింది కోర్టు ఫీజులు, జరిమానాల ఆదాయంతో. బే ఏరియాలో స్పీడింగ్ టికెట్ తిన్నవాళ్ళకి తెలుసు, 35 డాలర్ల అసలు జరిమానా అదనపు వడ్డనలన్నీ కలిసేసరికి 200 దాటుతుంది. అందులో కొంత కోర్టు కట్టడానికే పోయింది. ఇది నాకు అస్సలు నచ్చని పద్ధతి. శిక్ష వేసే చోటు ఆ శిక్షల ఆదాయం మీద బతకకూడదు.

పోనీ ఆ డబ్బైనా నిలిచిందా అంటే అదీ లేదు. బడ్జెట్ కష్టాలు రాగానే దాదాపు 140 కోట్ల డాలర్లని రాష్ట్రం ఇతర అవసరాలకి మళ్ళించింది. ప్రాజెక్టులు ఆగాయి, కొన్ని రద్దయ్యాయి. నిర్వహణ నిధుల కోతతో 2013లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఇళ్ళు ఖాళీ చేయించే కేసులు వినే చోట్లు 26 నుంచి 5కి తగ్గాయి. కారు లేని అద్దెదారు రెండు బస్సులు మారి పొద్దున్నే హాజరు కావాలి. ఆలస్యమైతే వినకుండానే కేసు పోతుంది. ఇంత జరిగినా మనం ఎన్నుకున్న కౌంటీ సూపర్‌వైజర్ని నిలదీసే వీలు లేదు. నిర్ణయం రాష్ట్ర రాజధాని శాక్రమెంటోది.

మనవాళ్ళకి ఈ రెండో పద్ధతి సహజంగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆంధ్రలోనూ తెలంగాణలోనూ మన అలవాటు అదే. కోర్టు కట్టడంలో జిల్లా పరిషత్తుకి పాత్రే లేదు. హైకోర్టు అడగాలి, రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలి, కేంద్ర పథకం కింద 60:40 వాటా కలవాలి. ఫలితం ఎలా ఉందో అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్ళి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ ఎన్.వి. రమణ 2021 అక్టోబరులో చెప్పారు: దేశంలో 26 శాతం కోర్టు సముదాయాల్లో ఆడవాళ్ళకి వేరే మరుగుదొడ్డి లేదు, కనీస వైద్య సాయం ఉన్నవి 5 శాతమే. కోర్టు భవనాల కోసం ఆయన ప్రతిపాదించిన జాతీయ సంస్థకి 2022 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రుల, ప్రధాన న్యాయమూర్తుల సదస్సులో ఏకాభిప్రాయం కుదరలేదు. పై ప్రభుత్వం చేతిలో పెడితే చాలు, భవనం వచ్చేస్తుందనుకునే వాళ్ళకి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఈ రెండింటికీ మధ్య న్యూయార్క్ ఉంది, నా ఓటు దానికే. 1987 చట్టం ప్రకారం భవనం బాధ్యత నగరాలదీ, కౌంటీలదీనే. కానీ ఎన్ని గదులు కావాలి, ఎప్పటికి కడతాం అన్న ప్రణాళిక రాసి రాష్ట్ర స్థాయి సమీక్షా మండలికి ఇచ్చి తీరాలి. కట్టడానికి తెచ్చిన అప్పు మీద వడ్డీలో రాష్ట్రం సాయం చేస్తుంది, శుభ్రత ఖర్చు భరిస్తుంది. మాట తప్పితే రాష్ట్రం నుంచి రావలసిన నిధులకే ఎసరు.

కర్ర లేకపోతే ఏమవుతుందో ఫిలడెల్ఫియా చూపించింది. అక్కడ నిధుల కోసం జడ్జిలే మేయరు మీదా కౌన్సిలు మీదా కేసు వేశారు. కోర్టు నడవడానికి సమంజసంగా కావలసిన డబ్బుని ఇప్పించుకునే అధికారం కోర్టుకే ఉందని 1971లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు తేల్చింది. హక్కు తేలింది సరే. కానీ తమకి భవనాలిచ్చే వాళ్ళ మీదే జడ్జిలు దావా వేసి గెలవాల్సి రావడం ఆరోగ్యకరం కాదు.

ఇక "జూమ్ వచ్చాక ఇన్ని గదులెందుకు" అనే ప్రశ్న. ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ ఉన్న కాలిన్ కౌంటీలోనే 2020 మేలో తీర్పుకి కట్టుబడనక్కర్లేని జ్యూరీ విచారణని జూమ్‌లో నడిపి చూశారు. చిన్న వాయిదాలకి ఆ పద్ధతి బాగానే ఉంది. జ్యూరీ ముందు నడిచే నేరవిచారణకీ, పిల్లల కస్టడీకీ మాత్రం గది కావాల్సిందే. అందుకే బాండ్ పెట్టిన కౌంటీని ఓటరు మొదట అడగాల్సింది ఇదే: ఈ అంచనా 2020కి ముందుదా, తర్వాతదా? ఆన్‌లైన్‌కి మారిన వాయిదాలు తీసేశారా? ఖైదీల దారి వేరుగా ఉందా, కుటుంబ కేసులవాళ్ళు కూర్చోవడానికి రెండు గదులున్నాయా? వీటికి కాగితం మీద జవాబుంటే ఆ బాండ్‌కి అవునని ఓటేయొచ్చు. లేకపోతే కమిషనర్ల మీటింగుకి వెళ్ళి అదే మైకు ముందు అడగాలి.