పెద్దవాళ్ల ఆపరేషన్లలో బిస్ మానిటర్: అంకెని నమ్మాలా, గీతనా?

అమలాపురం, భీమవరం వైపు తుంటి విరిగి వచ్చే 70 దాటినవాళ్లకి జనరల్ అనస్తీషియా (పూర్తి మత్తు) ఇస్తే బిస్ మానిటర్ ఉండి తీరాలి. నుదుటి మీద పట్టీతో మెదడు తరంగాలు పట్టి, మత్తు ఎంత లోతుగా ఉందో 0–100 మధ్య అంకెగా చూపేది అదే; ఆ తరంగాల గీత కూడా తెర మీద కనిపిస్తుంది. అయితే అంకె ఒక్కటే చూస్తే అది సగమే పనికొస్తుంది.

నుదుటి మీద కొబ్బరినూనె, విబూది, కోనసీమ ఉక్కపోత చెమట: సిగ్నల్ పాడయ్యేది ఎక్కువగా వీటివల్లే. స్పిరిట్ దూదితో తుడిచి, బాగా ఆరాక పట్టీ అంటించి, నాలుగు ఎలక్ట్రోడ్లనీ ఒక్కోటి 5 సెకన్లు గట్టిగా నొక్కాలి. వాడేసిన పట్టీని టేపేసి మళ్లీ వాడొద్దు. జిగురూ జెల్లూ పోయాక అది చూపే అంకెకి విలువ లేదు.

ఆపరేషన్ సమయంలో అంకె లక్ష్యం 40–60. మందు మార్చాక అంకె మారడానికి కొంత సమయం, ఒక్కోసారి నిమిషం పైనే పడుతుంది, ఓపిక పట్టాలి. కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చినా, నుదుటి కండరం బిగిసినా, కాటరీ (కరెంటుతో రక్తనాళాలు కాల్చే పరికరం) నడిచినా మత్తు తగ్గకుండానే అంకె పెరగొచ్చు.

అసలు చిక్కు వయసుతోనే. ముసలివాళ్ల మెదడు తరంగాలు సహజంగానే పొట్టివి, అందుకే మత్తు చాలినా అంకె ఎక్కువ చూపి మందు పెంచేలా చేస్తుంది. తెర మీది అసలు గీతని చూడండి. మధ్యమధ్య చదునై, మళ్లీ ఎగిసిపడుతుంటే అది బర్స్ట్ సప్రెషన్, అంటే మత్తు మరీ లోతైందనడానికి గుర్తు. వెంటనే బీపీ చూసి సెవోఫ్లోరేన్ (పీల్చే మత్తుమందు) తగ్గించాలి. 40 ఏళ్లు దాటాక ప్రతి పదేళ్లకీ దాని అవసరం సుమారు 6 శాతం తగ్గుతుంది.

ఆపరేషన్ తర్వాత వచ్చే మతి తారుమారుని బిస్ ఆపుతుందని మాత్రం బంధువులకి మాటివ్వకండి. 60 దాటిన 1,232 మందితో జరిగి 2019లో వెలువడిన ఎంగేజెస్ అధ్యయనంలో మెదడు తరంగాలు చూస్తూ మత్తు ఇచ్చినవాళ్లకీ, మామూలుగా ఇచ్చినవాళ్లకీ ఆ విషయంలో తేడా కనబడలేదు.