ఐదు రౌండ్లు, 11 వారాలు: ఒక ఎంపిక ప్రక్రియపై అభ్యర్థి సమీక్ష

ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ సంస్థ డేటా విశ్లేషకుల ఉద్యోగానికి నిర్వహించిన ఎంపిక ప్రక్రియలో నేను మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా పాల్గొన్నాను. దరఖాస్తు పంపిన రోజుకూ తిరస్కరణ ఈమెయిల్ అందిన రోజుకూ మధ్య 11 వారాలు గడిచాయి. ఉద్యోగం రాలేదన్న అక్కసుతో రాస్తున్నానని పాఠకులు అనుకోవచ్చు. అయితే ఈ ప్రక్రియలో మెచ్చుకోదగినవి కూడా తక్కువేమీ కావు.

దరఖాస్తు దశ మాత్రం మెచ్చుకోదగినది కాదు. రెజ్యూమెను అప్‌లోడ్ చేయించుకుని, అందులోని వివరాలనే మళ్లీ ఒక్కొక్క గడిలో నింపమన్నారు. నా రెజ్యూమె రెండు నిలువు వరుసల్లో ఉండడం వల్ల కాబోలు, దానిని చదివిన సాఫ్ట్‌వేర్ నా కళాశాల పేరును పాత ఉద్యోగ హోదాగా నమోదు చేసింది. ఒకే వరుసలో, సాదాగా ఉన్న రెజ్యూమె పంపడం మేలని అప్పుడు తెలిసివచ్చింది.

రెండు వారాల తరువాత రిక్రూటర్ ఫోన్ చేసి 20 నిమిషాలు మర్యాదగానే మాట్లాడారు. కానీ నా ప్రస్తుత జీతం ఎంతో పట్టుబట్టి అడిగి, ఈ ఉద్యోగానికి కేటాయించిన జీతం ఎంతో చెప్పడానికి మాత్రం నిరాకరించారు. పాత జీతం ఆధారంగా కొత్త జీతం నిర్ణయిస్తే పాత అన్యాయమే కొనసాగుతుందన్న ఆలోచనతో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2016లోనే ఈ ప్రశ్నపై ఆంక్షలు విధిస్తూ చట్టం చేసింది. ఆ తరువాత కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. చట్టం లేని చోట కూడా ఈ ప్రశ్న మానుకోవడానికి సంస్థలకు అడ్డేమీ లేదు.

ఈ సంస్థ అసలు బలం రెండు సాంకేతిక రౌండ్లలో ఉంది. ఏయే అంశాలపై ప్రశ్నలుంటాయో రెండు రోజుల ముందే తెలిపారు. అభ్యర్థులందరికీ ఇవే ప్రశ్నలు వేస్తామని, ఒక్కొక్క జవాబుకు విడిగా మార్కులు వేసుకుంటామని మొదట్లోనే చెప్పి, ఇద్దరు ఇంటర్వ్యూయర్లూ అలాగే చేశారు. రెండు డేటా పట్టికలను కలిపిన తరువాత మొత్తం అమ్మకాలు హఠాత్తుగా రెట్టింపైనట్టు కనిపిస్తే కారణం ఎలా కనుక్కుంటారన్నది అందులో ఒక ప్రశ్న. ఈ పనిలో ఉన్న ప్రతివారికీ ఏదో ఒక రోజు ఎదురయ్యే చిక్కే అది. నేను ఒక చోట తప్పుదారి పట్టినప్పుడు, నోరు మూయించకుండా, ఒక చిన్న ఆధారం ఇచ్చి మళ్లీ ఆలోచించనిచ్చారు. విమానంలో ఎన్ని బంతులు పడతాయి వంటి పొడుపు ప్రశ్నలు ఒక్కటీ లేవు. అటువంటి ప్రశ్నలకు పేరుబడిన గూగుల్‌లోనే, వాటి వల్ల కాలం వృథా కావడమే తప్ప అభ్యర్థి గురించి తెలిసేదేమీ లేదని అప్పటి మానవ వనరుల అధిపతి లాజ్లో బాక్ 2013లో బహిరంగంగా చెప్పారు.

ఇంటికిచ్చిన అసైన్‌మెంట్‌కు మూడు గంటలు చాలన్నారు. నాకు రెండు రాత్రులు కలిపి తొమ్మిది గంటలు పట్టింది. దానిపై జరిగిన చర్చ లోతుగా ఉన్నందువల్ల ఆ శ్రమ వృథా అనిపించలేదు గానీ, ఉద్యోగంలో ఉంటూ, ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకుంటూ దరఖాస్తు చేసేవారికి అన్ని గంటలు ఎక్కడి నుంచి వస్తాయో సంస్థ ఆలోచించినట్టు లేదు.

ఇంత శ్రద్ధగా కట్టిన ప్రక్రియ అంతా చివరి రౌండులో చేజారింది. విభాగాధిపతి పదిహేను నిమిషాలు ఆలస్యంగా వచ్చి, నా రెజ్యూమెను నా ఎదుటే మొదటిసారి తెరిచారు. ముందు రౌండ్ల మార్కుల ప్రస్తావన గానీ, అసైన్‌మెంట్ ఊసు గానీ రాలేదు. సంస్థ ఎదిగిన తీరు గురించి ఆయనే ఎక్కువసేపు మాట్లాడి, తమ బృందంలో ఇమడగలనా అని రెండుసార్లు అడిగారు. ఇమడడమంటే ఏమిటని నేను అడిగితే నవ్వి ఊరుకున్నారు. తుది నిర్ణయం ఈ సంభాషణపైనే ఆధారపడుతుందని రిక్రూటర్ అంతకుముందే చెప్పి ఉన్నారు. ఇంటర్వ్యూలో తేలిన అంచనాకూ ఆ తరువాతి పనితీరుకూ ఉన్న సంబంధంపై పాత అధ్యయనాలను పరిశోధకుడు పాల్ శాకెట్ బృందం 2022లో మళ్లీ లెక్కగట్టింది. సున్నా అంటే ఏ సంబంధమూ లేనట్టు, 1 అంటే పూర్తి సంబంధం ఉన్నట్టు అనుకుంటే, అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే కొలబద్ద ఉన్న ఇంటర్వ్యూకు 0.42 వచ్చింది; తోచినట్టు సాగే ఇంటర్వ్యూకు 0.19 మాత్రమే వచ్చింది. నమ్మదగిన కొలబద్దను స్వయంగా తయారుచేసుకున్న సంస్థ, నిర్ణయం తీసుకునే వేళకు దానిని పక్కనపెట్టి కంటిచూపుతో తూకం వేసింది.

ఆ తరువాత ఐదు వారాలు మౌనం. నేను పంపిన రెండు ఈమెయిళ్లకూ జవాబు లేదు. చివరకు, తిరిగి జవాబు పంపడానికి వీల్లేని చిరునామా నుంచి నాలుగు వాక్యాల తిరస్కరణ వచ్చింది. నా నైపుణ్యాలు వారిని ఎంతగానో ఆకట్టుకున్నాయట. ఏ నైపుణ్యమో చెప్పలేదు. తిరస్కరించడం వారి హక్కు, అందులో నాకు పేచీ లేదు. అయితే తొమ్మిది గంటల పనికి మార్కులు వేసినవారి దగ్గర ఆ మార్కులు ఉండే ఉంటాయి. వాటిని రెండు వాక్యాల్లో రాసి పంపడానికి పట్టేది ఐదు నిమిషాలు.

సాంకేతిక రౌండ్లకు ఐదులో ఐదు, చివరి రౌండుకు ఒకటి, సమాచారం అందించిన తీరుకు అదీ లేదు. మొత్తం మీద ఐదులో రెండున్నర ఇస్తాను. ఇక్కడ దరఖాస్తు చేయదలచినవారు సాంకేతిక రౌండ్లకు నిశ్చింతగా వెళ్లవచ్చు. అసైన్‌మెంట్ అందుకునే ముందు మాత్రం జీతం పరిధి, తుది నిర్ణయం ఎవరిది, ఎన్ని రోజుల్లో తెలుపుతారు అన్న మూడు సంగతులను రిక్రూటర్‌ను ఈమెయిల్‌లోనే అడిగి, జవాబు వచ్చాకే పని మొదలుపెట్టండి.