గోథాలో యాభై యూరోల పులిహోర

ముందే చెప్తున్నా, జర్మనీలో గోథా వెళ్తే బస మాత్రం ఎర్‌ఫుర్ట్‌లో చూసుకోండి, రైల్లో ఎంతో దూరం లేదు. మేం డబ్బు మిగుల్చుకుందామని గోథాలోనే ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. రాత్రికి 94 యూరోలు, క్లీనింగ్ 35. గ్రౌండ్ ఫ్లోర్ అని రాసుకున్న ఇల్లు తీరా చూస్తే నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. ప్రతి మలుపులోనూ ఆగి, "పైన ఏమైనా గుడి ఉందేమిట్రా?" అని మా ఆయన్ని అడుగుతూ ఎక్కారు.

వంటిల్లు వాడుకోవచ్చని రాశారు కదా అని పొద్దున్నే పులిహోరకు పోపు వేశాను. ఆవాలు చిటపటమన్నాయో లేదో స్మోక్ అలారం మోగింది. పది నిమిషాల్లో ఓనరమ్మ ప్రత్యక్షం. ముక్కు మూసుకునే కిటికీలన్నీ తెరిచి, వాసన వదిలించడానికి ఇంకో 50 యూరోలంది. మా ఆయన వాదించకుండా కట్టేశాడు. మధ్యాహ్నం దాకా నేను ఆయనతో మాట్లాడలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి 49 యూరోల నెల పాస్ మీద (ఇది 2024 సంగతి), ప్యాసింజర్ బళ్లు మారుతూ అంత దూరం వెళ్లింది ఒక్క మనిషి కోసం. 1804 నుంచి 1822 దాకా గోథాను ఏలిన డ్యూక్ ఆగస్ట్. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్‌కు అమ్మ తరఫు తాత. చైనా వస్తువులంటే పిచ్చి, సంగీతమంటే ప్రాణం, జర్మన్ సంగీతకర్త కార్ల్ మరియా ఫాన్ వెబర్‌ను పిలిచి మర్యాదలు చేశాడు. చుట్టూ ఉన్న జర్మన్లు నెపోలియన్‌ను తిట్టుకుంటుంటే ఈయన మాత్రం వీరాభిమాని. గోథాలోని ఈయన కోట ఫ్రీడెన్‌స్టైన్‌లో నెపోలియన్ టోపీ ఇప్పటికీ ఉంది. అంత ప్రపంచాన్ని వణికించినవాడి టోపీ, దగ్గర్నుంచి చూస్తే ఉత్త నల్లటి టోపీ, అంతే. పైగా 1805లోనే ఇద్దరు మగవాళ్ల ప్రేమను దాపరికం లేకుండా కథలో రాశాడు.

ఈయన ఆడవాళ్ల బట్టలు కట్టుకునేవాడని నేను కొంచెం తటపటాయిస్తూ చెప్పాను. అత్తయ్యది కృష్ణా జిల్లా. "దానికేముందే, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారు కట్టిన సత్యభామ వేషాన్ని చూసినదాన్ని నేను! ఆ జడ తిప్పడం మనకొస్తుందా?" అనేశారు. ఆ తర్వాత కోటంతా డ్యూక్‌ను "మీ సత్యభామ" అనే పిలిచారు.

కోట చూడ్డానికి సోమవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు మూత. ఊళ్లో బంగాళదుంప ఉండలు, పుట్టగొడుగుల గ్రేవీ 16.50 యూరోలు. చప్పగా ఉంది, కడుపు మాత్రం నిండింది.

సాయంత్రం కోట పార్కులో చెరువు దగ్గర కూర్చున్నాం. మధ్యలో చెట్లు కమ్మేసిన దీవి, డ్యూక్‌ను పూడ్చింది అక్కడే. అత్తయ్య సంచీలోంచి పొద్దుటి పులిహోర డబ్బా తీసి ముందుగా మా ఆయనకే పెట్టారు, "తినరా, యాభై యూరోలు పోసి కొన్నావు" అని. నాకు నవ్వాగలేదు.