జాగ్రత్త: ‘తేలికపాటి నడక’ అని అమ్మే ఆల్ప్స్ డే హైక్ ప్యాకేజీ కొనేముందు చదవండి

స్విట్జర్లాండ్ వెళ్తూ ఒక రోజు కొండ నడక ప్యాకేజీ కోసం చూస్తున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఒక్క సంగతి అడగండి. మొత్తం ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కాలి? మాకు అమ్మిన ప్యాకేజీ పేజీలో ఆ అంకె ఎక్కడా లేదు. 12 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు, కుటుంబమంతా వెళ్లగల తేలికపాటి నడక, మామూలు స్పోర్ట్స్ షూ చాలు, చివర్లో కేబుల్ కార్‌లో కిందికి. ఇంతే రాశారు. చదివితే ఎవరికైనా నడవగలం అనే అనిపిస్తుంది. తీరా చూస్తే ఆ దారి 1200 మీటర్లు పైకి ఎక్కి, కనుమ దాటి, అవతలివైపు మళ్లీ 600 మీటర్లు దిగితేగానీ కేబుల్ కార్ స్టేషన్ రాదు.

ఆ నాలుగున్నర గంటలు ఎక్కడివో తర్వాత లెక్క వేస్తే తెలిసింది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే, సుమారుగా ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మా దారికి అచ్చంగా దాదాపు నాలుగున్నర గంటలే వస్తుంది. కానీ అది ఒంట్లో సత్తువ ఉండి, ఎక్కడా ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. దిగడానికి అందులో వేరే టైమే లేదు. నడక దారులకు టైమ్ లెక్కగట్టే జర్మనీ వాళ్ల ప్రమాణం, డిఐఎన్ 33466, ఇంకా జాగ్రత్తగా ఉంటుంది. గంటకు 4 కిలోమీటర్ల నడక, 300 మీటర్ల ఎక్కడం, 500 మీటర్ల దిగడం. దూరానికి పట్టే టైమ్, ఎత్తుపల్లాలకు పట్టే టైమ్ విడివిడిగా చూసి, పెద్దదానికి చిన్నదానిలో సగం కలపాలి. మా దారిలో దూరానికి 3 గంటలు, ఎక్కి దిగడానికి 5 గంటల 12 నిమిషాలు. మొత్తం 6 గంటల 42 నిమిషాలు. తిండికి, నీళ్లకు, ఆయాసం తీర్చుకోవడానికి ఆగే టైమ్ ఇందులోనూ లేదు. పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న గుంపుకి ఎనిమిది గంటలు వేసుకోవాల్సిన దారిని నాలుగున్నర అని అమ్మారు.

పైగా, హోటళ్ల దగ్గర ఒక్కొక్కరినీ ఎక్కించుకుంటూ వచ్చిన బస్సు మమ్మల్ని దారి మొదట్లో దింపేసరికి పదిన్నర అయింది. చివరి కేబుల్ కార్ సాయంత్రం 5కి. అక్కడ దారి చూపే పసుపు బోర్డు మీద ఒక్క కనుమ దగ్గరికే 4 గంటలు అని ఉంది. అడిగితే గైడ్, అది మెల్లగా నడిచేవాళ్లకి రాసిన టైమ్ అన్నాడు. అది నిజం కాదు. స్విస్ బోర్డుల మీద ఉండేది మామూలు ఆరోగ్యం ఉన్న మనిషికి, విశ్రాంతి కలపకుండా వేసిన టైమ్. అదే బోర్డు కొసన తెలుపు-ఎరుపు-తెలుపు గుర్తు కూడా ఉంది. అంటే అది కొండ దారి, నిటారుగా, ఇరుకుగా, లోయ అంచున వెళ్లే చోట్లు ఉండొచ్చు. అలాంటి దారికి గట్టి అడుగున్న బూట్లు కావాలి. ప్యాకేజీ పేజీలో ఈ ముక్క లేదు.

జూన్ చివరి వారం. లోయలో హాయిగా ఉంది కానీ ఎత్తుకు వెళ్లే కొద్దీ ప్రతి 1000 మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల సెల్సియస్ దాకా తగ్గుతుంది, దానికి గాలి తోడు. కనుమకు అవతల ఉత్తరం వైపు వాలు మీద పాత మంచు ఇంకా కరగలేదు. దారి ఆ మంచు పట్టీకి అడ్డంగా పోతుంది. జారితే ఆగే చోటు లేదు. స్పోర్ట్స్ షూ వేసుకుని వచ్చిన ఒక పెద్దావిడ అక్కడ అడుగు వేయలేక నిలబడిపోయారు. గైడ్ ఒక్కడే, అతను అప్పటికే ముందున్న వాళ్లతో వంపు తిరిగి వెళ్లిపోయాడు. మాలో ఇద్దరు ఆవిడ చేతులు పట్టుకుని, ముందు నడిచినవాళ్ల అడుగుల్లోనే అడుగు వేయిస్తూ దాటించారు. అప్పుడే ఉరుములు మొదలయ్యాయి. రాతికి బిగించిన ఇనుప తాడు పట్టుకుని నడవాల్సిన ముక్క ఇంకా ముందుంది. పిడుగులు పడే టైంలో పట్టుకోకూడని వస్తువు ఏదైనా ఉందంటే అదే.

నాకు ఇప్పటికీ కోపం తగ్గనిది ఇక్కడే. ఎండాకాలం ఆల్ప్స్‌లో మధ్యాహ్నం తర్వాత ఉరుములు రావడం వింత కాదు. పొద్దున ఎండకు వేడెక్కిన వాలుల మీదుగా తేమ గాలి పైకి లేచి మేఘాలు కడుతుంది. అందుకే అక్కడి వాళ్లు తెల్లవారుతూనే బయల్దేరి మధ్యాహ్నానికల్లా ఎత్తు దిగిపోతారు. ముందురోజు సాయంత్రం వాతావరణ సూచనలో కూడా ఉరుములు ఉన్నాయి. బస్సు నింపుకోవడం కోసం పదిన్నరకు మొదలుపెట్టించి, అందరినీ సరిగ్గా ఉరుముల టైమ్‌కి కనుమ మీదికి తీసుకెళ్లారు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే పెద్ద ఊరట. కేబుల్ కార్ ఎలాగూ అందలేదు. టైమ్‌కి చేరినా లాభం ఉండేది కాదు, ఉరుములూ గట్టి గాలీ వస్తే దాన్ని ఆపేస్తారు. మిగిలిన దారంతా కాళ్ల మీదే దిగాం. జూన్ కాబట్టి రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంది. సెప్టెంబర్ చివర్లో అయితే అడవి దారిలో చీకట్లో, తలకు కట్టుకునే లైట్లు లేకుండా చిన్నపిల్లలతో దిగేవాళ్లం. తలచుకుంటేనే భయం వేస్తుంది.

డబ్బు వెనక్కి అడిగితే, వాతావరణానికి బాధ్యత మాది కాదని షరతుల్లో ఉందని చూపించారు. మేం అడిగింది వాతావరణం గురించి కాదు, పేజీలో రాయకుండా దాచిన ఎత్తు గురించి. దానికి ఇప్పటిదాకా జవాబు లేదు.

కాబట్టి అడగండి, అది కూడా ఫోన్లో కాదు, మెయిల్లో. ఎక్కే ఎత్తు, దిగే ఎత్తు ఎంత? స్విస్ ఆల్పైన్ క్లబ్ కొలతలో ఆ దారి టి1 నుంచి టి6 వరకు ఏ స్థాయి? టి1 అంటే మామూలు నడక, టి3కి వచ్చేసరికి తాళ్లూ గొలుసులూ పట్టుకోవాల్సిన చోట్లు, లోయ అంచులు ఉండొచ్చు. కుటుంబంతో వెళ్లేవాళ్లకు టి2 దాటితే నేనైతే వద్దనే అంటాను. గైడ్‌కి కొండ నడకలకు జనాన్ని తీసుకెళ్లేందుకు ఇచ్చే ఇంటర్నేషనల్ మౌంటెన్ లీడర్ అర్హత ఉందా, ఒక గైడ్‌కి ఎంతమంది? అన్నిటికంటే ముఖ్యం, ఎన్ని గంటలకు ఎక్కడిదాకా చేరకపోతే వెనక్కి తిప్పుతారు? మా గైడ్‌కి అలాంటి టైమ్ ఒకటి ఉండాలన్న ఆలోచనే లేదు. దారి పేరు చెప్పకుండా ‘అందమైన కనుమ నడక’ అని మాత్రమే రాసే ప్యాకేజీని అక్కడే వదిలేయండి. పేరు తెలిస్తే స్విస్ ప్రభుత్వ మ్యాప్ సంస్థ స్విస్‌టోపో మ్యాప్‌లో ఎత్తులు మీరే చూసుకోవచ్చు.

ప్రయాణ బీమా కాగితాలు కూడా ఒకసారి తీయండి. కొన్ని పాలసీల్లో ఇంత ఎత్తు దాటితే వర్తించదని ఉంటుంది, హెలికాప్టర్ రక్షణ ఖర్చు చిన్నది కాదు. స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ రక్షణకు నంబర్ 1414, యూరప్ అంతటా అత్యవసరానికి 112. సిగ్నల్ ఉండి బ్యాటరీ అయిపోతే పనికిరాదు కాబట్టి పవర్ బ్యాంక్ పెట్టుకోండి. అసలు ఫోనే పనిచేయకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈలో, లైటో, కేకో, తర్వాత ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరు. ఆల్ప్స్‌లో సాయం అడిగే గుర్తు అదే.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు ఉంటే, రద్దు చేసుకునే గడువు ఎప్పటిదాకా ఉందో ఈరోజే చూసి, ఆలోపు ఎత్తు ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ అంకె ఇవ్వకపోతే గడువు దాటకముందే రద్దు చేసేయండి.